గడిలో ఇమడని పిల్లవాడు

"గుడ్డికన్నా మెల్ల మేలు" అని మనవాళ్లు ఎప్పుడో తేల్చేశారు. శాతాలు లెక్కగట్టే వైద్యులూ, సదరం క్యాంపులూ లేని కాలంలోనే వైకల్యాన్ని తూచే తక్కెడ ఒకటి మన నోట ఉండేదన్నమాట. ఆ తక్కెడ తరవాత చట్టంలోకి ఎక్కింది. 1995 నాటి చట్టంలో వైకల్యాలు 7 రకాలు. 2016 చట్టంలో 21. చూపు లేకపోవడం, వినికిడి లోపం, బుద్ధిమాంద్యం వంటి పాతవాటి సరసన ఆటిజం వచ్చి చేరింది. చదవడం, రాయడం, లెక్కలు చేయడంలో మాత్రమే కనిపించే అభ్యసన వైకల్యం చేరింది. తలసేమియా, హీమోఫిలియా, మన మన్యం ప్రాంతాలలో కనిపించే సికిల్ సెల్ వంటి రక్తవ్యాధులు కూడా చేరాయి. వీటిలో ఏదైనా 40 శాతానికి తగ్గకుండా ఉన్నదని ధ్రువపత్రం చేతికి వస్తే, 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచితంగా చదువుకునే హక్కు ఆ పిల్లవాడికి ఉంటుంది. ఇంటి దగ్గరి బడిలో చదవాలా, ప్రత్యేక పాఠశాలలో చదవాలా అన్నది వారి ఇష్టం.

వినడానికి బాగానే ఉంది. నా పేచీ ఈ జాబితా పొడవు గురించి కాదు. వైద్యుని కలం ఏ గడిలో టిక్కు పెడితే పిల్లవాడికి ఆ గడికి తగిన చదువే అందుతుంది. టిక్కు పక్క గడిలో పడిందనుకోండి, అందే సాయం నిజంగా సాయమే అయినా, అది మరొకరికి ఉద్దేశించినది అవుతుంది. మా మేనల్లుడికి నాలుగేళ్లపాటు అటువంటి సాయమే అందింది. ఆ సంగతి రాయడానికి వాడి అనుమతి అడిగాను. రెండు షరతులు పెట్టాడు: తన పేరు రాయకూడదు, "పాపం" అన్న మాట ఎక్కడా రాకూడదు. రెండో షరతును ఈ ఒక్క వాక్యం వరకు సడలించమని బతిమాలి ఒప్పించాను.

వాడు 2006లో పుట్టాడు. అక్కయ్యది ఓ గ్రూపు రక్తం, వాడిది బి. ఇలాంటి జంటలలో కొందరు బిడ్డలకు తల్లి రక్తంలోని ప్రతిరక్షకాల వల్ల ఎర్రకణాలు వేగంగా విరిగిపోయి, పుట్టిన మొదటి రోజే కామెర్లు తేలుతాయి. మూడోరోజున వచ్చి వారంలో సర్దుకుపోయే మామూలు పసిరికల వంటివి కావు ఇవి. ఆ తేడా చెప్పవలసినవాళ్లు చెప్పలేదు. రెండోరోజునే ఇంటికి పంపించారు. పొద్దున్న ఎండలో పడుకోబెట్టమన్నారు ఒకరు, ఫలానా ఊళ్లో పసరు పోస్తారన్నారు మరొకరు. అయిదో రోజున బిడ్డ పాలు మానేసి, సన్నగా కీచుమని ఏడుస్తూ, వెనక్కి విల్లులా వంగిపోయాడు. అప్పుడు పెద్ద ఆసుపత్రికి పరుగు, నీలి దీపాల కింద పెట్టడం, రక్తమార్పిడి. ప్రాణం దక్కింది.

కామెర్లు ముదిరినప్పుడు బిలిరుబిన్ అనే పచ్చని పదార్థం మెదడులోకి చేరుతుంది. మెదడంతటినీ సమానంగా పాడుచేయదది, కొన్ని చోట్లను ఏరుకుంటుంది. కదలికలను అదుపులో ఉంచే లోపలి కేంద్రాలు ఒకటి, చెవి నుంచి శబ్దాన్ని మోసుకుపోయే దారి రెండు, కనుగుడ్లను పైకి తిప్పే కేంద్రం మూడు. ఆలోచన, జ్ఞాపకం, భాష చాలామందిలో అంతగా దెబ్బతినవు. ఈ ఒక్క వాక్యం మాకు 2011కు ముందే ఎవరైనా చెప్పివుంటే ఈ వ్యాసం అవసరమయ్యేది కాదు.

మస్తిష్క పక్షవాతం (అందరూ సెరిబ్రల్ పాల్సీ అనే అంటారు, నేనూ అదే అంటాను) అంటే కాళ్లూ చేతులూ బిగుసుకుపోవడం అని చాలామంది అభిప్రాయం. ఆ రకమే ఎక్కువ కూడా. మా వాడిది ఎథెటాయిడ్ అనే రకం. బిగుతు కన్నా అదుపు లేకపోవడం ఎక్కువ. గ్లాసు అందుకోబోతే చెయ్యి మెలికలు తిరిగి మరోవైపు పోతుంది. అందుకోవాలని ఎంత పట్టుదల పడితే అంతగా మెలికపడుతుంది. నిద్రలో మాత్రం ఒళ్లంతా ప్రశాంతంగా ఉంటుంది. పెదవులు, నాలుక కూడా కండరాలే కదా, మాట కూడా అలాగే మెలికపడి బయటికి వస్తుంది. తెలియనివారికి అది మాటగా వినపడదు.

అయిదో ఏట సదరం క్యాంపుకు తీసుకువెళ్లారు. ధ్రువపత్రం ఉంటే పింఛను, బస్సు పాసు, ఎక్కడో ఒకచోట బడి. పొద్దున్న వెళితే సాయంత్రానికి వంతు వచ్చింది. అక్కడ వాడి ముందు ఒక చెక్కపలక పెట్టారు. అందులో నక్షత్రం, వృత్తం, చతురస్రం వంటి పది ఆకారాల గుంటలుంటాయి. పక్కన పోసిన పది చెక్కముక్కలను ఏ గుంటలో ఇమిడేది ఆ గుంటలో పెట్టాలి. ఎన్ని క్షణాలలో పెట్టాడో గడియారంతో చూసి, ఆ అంకె నుంచి మానసిక వయస్సు లెక్కిస్తారు. సెగాన్ ఫారం బోర్డు అంటారు దీన్ని. పందొమ్మిదో శతాబ్దంలో బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకు కూడా చదువు చెప్పవచ్చని ఫ్రాన్సులో నిరూపించిన ఎడ్వర్డ్ సెగాన్ పేరు మీద వచ్చింది. ఆయన పద్ధతిలో ఇది పిల్లల కంటికీ చేతికీ తర్ఫీదు ఇచ్చే బోధన పరికరం. పరీక్షగా మారింది తరవాతి వాళ్ల చేతిలో.

చేతులు తన మాట విననివాడికి చేతులతో చేసే పరీక్ష! ఏ ముక్క ఎక్కడ ఇమడాలో వాడికి తెలుసునని వాడి చూపు చెబుతూనే ఉంది, నక్షత్రం ముక్క తీయగానే నక్షత్రపు గుంట వైపు చూశాడని బావగారు ఇప్పటికీ చెబుతారు. గడియారం చూపులను లెక్కపెట్టదు. ఒక్క ముక్క కూడా గుంటలో పడలేదు. కాగితం మీద "బుద్ధిమాంద్యం, 75 శాతం" అని వచ్చింది. విచిత్రమేమిటంటే, అప్పటి 1995 చట్టం కూడా సెరిబ్రల్ పాల్సీని ఏ రకమైనా సరే చలన వైకల్యంలోనే చేర్చింది. గడి ఉన్నది, టిక్కు దాని పక్కన పడింది.

ఆ కాగితం పట్టుకుని వెళితే పట్నంలోని ఒక ప్రత్యేక పాఠశాలలో చేర్చుకున్నారు. ఆ బడిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. 1984లో సికిందరాబాదు మనోవికాస్‌నగర్‌లో ఏర్పడిన జాతీయ సంస్థ నుంచి మన ప్రాంతాలకు విస్తరించిన బోధన పద్ధతులంటే నాకు గౌరవం. ఒక్క ఉదాహరణ చెబుతాను. చొక్కా తొడుక్కోవడం మనకు ఒకే పని. వాళ్లు దాన్ని పది పన్నెండు మెట్లుగా విడగొడతారు. మొదటి మెట్టు నుంచి కాక చివరి మెట్టు నుంచి నేర్పుతారు. అన్నీ టీచరే చేసి, ఆఖరి గుండీని సగం దాకా దూర్చి, మిగిలిన సగం పిల్లవాడిచేత లాగిస్తారు. పని పూర్తయిన ఆనందం ప్రతిసారీ వాడిదే. అది పట్టుబడ్డాక అంతకు ముందు మెట్టు. వెనకనుంచి ముందుకు నడిచే ఈ పాఠం ఎంత ఓర్పుతో కూడినదో చూస్తేగాని తెలియదు. డౌన్ సిండ్రోం ఉన్న ఒక అమ్మాయి ఆ పద్ధతిలోనే తన జడ తాను వేసుకోవడం నేర్చుకోవడం మేము కళ్లారా చూశాం.

కాని మా వాడికి చొక్కా తొడుక్కోవడంలో ఏ మెట్టు తరవాత ఏ మెట్టో తెలుసు. తెలియడం వాడి సమస్య కాదు. నాలుగేళ్లు రంగురంగుల పూసలను వేరుచేయడం వాడి పాఠం. చెయ్యి విసిరినప్పుడు పూసలు చెల్లాచెదరైతే ప్రగతి పుస్తకంలో "ఏకాగ్రత లేదు" అని రాసేవారు.

ఇంట్లో అమ్మ (వాడికి అమ్మమ్మ) మాత్రం ఈ కాగితాన్ని మొదటినుంచీ నమ్మలేదు. రాత్రి పక్కలో వేసుకుని చెవి దగ్గర కథ చెబితే వాడు ఊకొట్టేవాడు. ఊకొట్టడం అందరు పిల్లలూ చేసేదే. అమ్మ కథలో కావాలని తప్పు చెబితే వాడి "ఊఁ" ఆగిపోయేది. రాజుగారికి ఏడుగురు కొడుకులని మొదలుపెట్టి, మధ్యలో ఆరుగురే అంటే నిశ్శబ్దం. "వీడికి లెక్క వచ్చురా" అనేది అమ్మ. అమ్మకు సర్టిఫికెట్ ఇచ్చే అధికారం లేదు.

2015లో మా మండలంలోని భవిత కేంద్రానికి తీసుకువెళ్లాం. తెలియనివారికి ఒక మాట: సర్వశిక్షా అభియాన్ కింద ప్రభుత్వ బడి ఆవరణలోనే మండలానికొకటి లెక్కన తెరిచిన కేంద్రాలివి. ఒకరో ఇద్దరో రిసోర్స్ టీచర్లు ఉంటారు, నిర్ణీత రోజుల్లో ఫిజియోథెరపీ జరుగుతుంది, బడికి రాలేని పిల్లల ఇళ్లకు టీచర్లే వెళ్లి వస్తారు. మేం వెళ్లిన రోజున ఒకే గదిలో చూపు మందగించిన అమ్మాయి, వినికిడి యంత్రాలు పెట్టుకున్న అన్నదమ్ములు, చెవులు రెండు చేతులతో మూసుకుని గోడవైపు తిరిగి కూర్చున్న ఆటిజం పిల్లవాడు ఉన్నారు. టీచరు ఒక్కరే. ప్రత్యేక విద్యలో బి.ఎడ్. చేసేవారు సాధారణంగా ఏదో ఒక వైకల్యాన్ని ఎంచుకుని శిక్షణ పొందుతారు. ఆవిడ ఎంచుకున్నది దృష్టి లోపం. అయితే గదిలోకి వచ్చేవాళ్లు ఆవిడ ఎంచుకున్నవాళ్లు కారు కదా.

ఆవిడ ధ్రువపత్రం చూడలేదు. వాడినే చూస్తూ కూర్చుంది. రెండోరోజున గోడమీద ఎత్తుగా వేలాడుతున్న అక్షరాల పటాన్ని తీసి వాడి ఒళ్లో పెట్టింది. "గోడమీదిదాన్ని చూడడానికి వీడు కళ్లు కాదు, తల మొత్తం వెనక్కి వాలుస్తున్నాడు, మీరు గమనించారా?" అంది. కనుగుడ్లను పైకి తిప్పే కేంద్రం గురించి పైన రాశానే, అదే! నాలుగేళ్లు వాడు నల్లబల్ల సగమే చూశాడు. కంటి వైద్యుడు చూపు బాగుందన్నాడు, నిజమే, అక్షరాల అట్టను ఎదురుగా పెట్టి చూశాడు గనక.

వినికిడి సంగతి కూడా ఆవిడే పట్టుకుంది. గదిలో అల్లరి ఉంటే ఏమీ పట్టనట్టు ఉంటాడు, అందరూ వెళ్లాక చెవి దగ్గర చెబితే వెంటనే స్పందిస్తాడు. పరీక్ష చేయిస్తే శబ్దం లోపలిచెవి దాకా చక్కగా పోతున్నదనీ, అక్కడి నుంచి మెదడుకు పోయే దారిలో చెదిరిపోతున్నదనీ తేలింది. ఇటువంటి లోపం లోపలిచెవిని మాత్రమే చూసే పరీక్షలో దొరకదు, నాడి స్పందనను కొలిచే బెరా పరీక్షలో దొరుకుతుంది. గట్టిగా అరిచినందువల్ల లాభం లేదు, చెదిరిన మాట గట్టిగా చెదురుతుంది, అంతే. కావలసినవి నిశ్శబ్దం, దగ్గరితనం, రాసి చూపించడం. అమ్మ రాత్రిపూట చెవిలో కథ చెప్పినప్పుడు వాడికి అన్నీ ఎందుకు అర్థమయ్యేవో అప్పుడు మాకు తెలిసింది.

ఇక అసలు పని. మాట రానివాడికి, చెయ్యి ఆడనివాడికి మాట్లాడే దారి వెయ్యాలి. బొమ్మల అట్టలు ఉన్నాయి, అన్నం బొమ్మ, నీళ్ల బొమ్మ. బొమ్మలతో అడగవచ్చు, కాని వాదించడం కష్టం (మా వాడికి వాదించడం ముఖ్యం, పోలిక మా నాన్నది). అక్షరాలు కావాలి. ఇంగ్లీషుకైతే 26 అక్షరాల అట్ట చాలు. తెలుగులో గుణింతాలూ వత్తులూ కలిస్తే వేలకు వేలు. అన్నిటినీ ఒక అట్టమీద రాయడం ఎవరి తరం?

ఆవిడ బ్రెయిలీ తెలిసిన మనిషి. భారతి బ్రెయిలీలో "కి" అనే అక్షరం ఒక్క గుర్తు కాదు, "క" తరవాత "ఇ", వరసగా రెండు గుర్తులు. అదే కిటుకు ఇక్కడ వాడింది. అట్టమీద పై వరసలో అచ్చులు, సున్న. దాని కింద క వర్గం, చ వర్గం, ట వర్గం, త వర్గం, ప వర్గం, ఆ తరవాత య మొదలైనవి రెండు వరసలు. చివర "వత్తు" అని ఒక గడి. ఆవిడ వేలు వరసల మీద కిందికి నడుస్తుంది, కావలసిన వరస దగ్గర వాడు "ఊఁ" అంటాడు. తరవాత వేలు ఆ వరసలో అడ్డంగా నడుస్తుంది, కావలసిన హల్లు దగ్గర మళ్లీ "ఊఁ". తరవాత అచ్చుల వరస, మరో "ఊఁ". మూడు ఊకొట్టులకు ఒక అక్షరం. నోటిలో పుట్టే చోటును బట్టి హల్లులను అయిదేసి చొప్పున వర్గాలుగా కూర్చిన మన పూర్వులు ఈ పిల్లవాడిని ఊహించి ఉండరు. అయినా క-చ-ట-త-ప వరసే లేకపోతే వెతకడానికి రెట్టింపు సమయం పట్టేది. ఇంగ్లీషు వర్ణమాలకు ఆ సుగుణం లేదు.

అక్షరాలు వాడికి కొంత ముందే వచ్చు. అక్క పక్కన కూర్చుని వాచకం పైకి చదువుతుంటే నేర్చుకున్నాడు. పద్ధతి అలవాటు కావడానికి మాత్రం ఎనిమిది నెలలు పట్టింది. ఒకనాడు మధ్యాహ్నం ఆవిడ ఏదో పాఠంలోని పదం అడుగుతుంటే వాడు అది చెప్పకుండా అచ్చుల వరసలో "ఎ" దగ్గర ఆపాడు. తరవాత సున్న. తరవాత ట వర్గంలో "డ". ఎండ. పడమటి కిటికీలోంచి ఎండ సూటిగా ముఖం మీద పడుతున్నది. ఆవిడ లేచి కిటికీ రెక్క మూసింది. పుట్టిన తొమ్మిదేళ్లకు వాడు తన మాటతో ప్రపంచంలో చేయించుకున్న మొదటి పని అది. అక్కయ్య ఆ రోజు అన్నం తినలేదు.

2016 జూన్‌లో మామూలు బడిలో నాలుగో తరగతిలో చేర్చాం. ఇలాంటివాళ్లకు ప్రత్యేక పాఠశాలలు ఉన్నాయి కదా అని మొదట అన్నారు. విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణ ప్రతిని బావగారు జేబులో పెట్టుకుని వెళ్లారు. గొడవ పెద్దది కాలేదు, కాబట్టి అది వదిలేస్తాను. చట్టం కన్నా ఎక్కువ పనిచేసింది వడ్రంగి చేసిన కుర్చీ. నడుము దగ్గర పట్టీ, తొడల మధ్య చిన్న దిమ్మ, పాదాలు ఆనేందుకు పీట, ఛాతీ చుట్టూ అర్ధచంద్రంగా కోసిన బల్ల. ఒళ్లు స్థిరంగా ఉంటే చేతుల విసురు సగం తగ్గుతుంది, మెడ నిలుస్తుంది, మెడ నిలిస్తే చూపు నిలుస్తుంది. ఫిజియోథెరపిస్టు గీసి ఇచ్చిన కొలతలకు మా వీధి వడ్రంగి చేసిపెట్టాడు. వాడు ఎదిగినకొద్దీ మూడుసార్లు మార్చాడు.

తరగతిలోని పిల్లలు వారం రోజులలో అట్ట పద్ధతి నేర్చుకున్నారు. ఉపాధ్యాయులకు ఒక ఏడాది పట్టింది. పిల్లలు అంతటితో ఆగలేదు, తరచూ వచ్చే మాటలకు పొట్టి గుర్తులు కనిపెట్టారు. వాటిలో తిట్లు కూడా ఉన్నాయని తరవాత తెలిసింది.

2018లో మళ్లీ పరీక్షించి కొత్త ధ్రువపత్రం ఇచ్చారు. అందులో సెరిబ్రల్ పాల్సీ, వినికిడి లోపం అని సరిగ్గానే ఉన్నది.

పదో తరగతి పరీక్షలు 2023 ఏప్రిల్‌లో. రాసిపెట్టడానికి సహాయకుడిని ఇస్తారు. అతడు పరీక్ష రాసేవాడి కన్నా కింది తరగతి విద్యార్థి అయివుండాలి. గంటకు 20 నిమిషాల చొప్పున అదనపు సమయం ఇవ్వాలని కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఈ ఏర్పాటు నోటితో చెప్పగలిగే అంధ విద్యార్థికి సరిపోవచ్చు. మావాడి లెక్క వేరు. ఒక అక్షరానికి ఎనిమిది నుంచి పది సెకన్లు. మూడు నాలుగు అక్షరాల మాటకు అరనిమిషం. పది మాటల వాక్యానికి అయిదు నిమిషాలు. మూడుగంటల పరీక్షను నాలుగుగంటలు చేసినా 48 వాక్యాలు, అదీ మధ్యలో అలసిపోకుండా, మంచినీళ్లు అడగకుండా ఉంటే. కాబట్టి వాడి పరీక్ష సగం తెలివిది, సగం పొదుపుది. ఏ ప్రశ్నకు తక్కువ మాటలలో ఎక్కువ మార్కులు వస్తాయో ముందే లెక్క వేసుకున్నాడు. సహాయకుడిగా వచ్చిన తొమ్మిదో తరగతి అబ్బాయి మూడు నెలల ముందు నుంచే రోజూ సాయంత్రం ఇంటికి వచ్చి అట్ట నేర్చుకున్నాడు. అన్ని సబ్జెక్టులూ ఉత్తీర్ణుడయ్యాడు. మార్కులు చెప్పవద్దన్నాడు, చెప్పను. తెలుగులో మాత్రం తన అక్కను దాటాడు.

ఇదంతా విన్న మిత్రులు "అదృష్టవంతులు, మంచి టీచరు దొరికింది" అంటారు. అదృష్టం మీద ఆధారపడవలసి రావడమే నాకు మింగుడుపడదు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ప్రాథమిక స్థాయిలో పదిమందికి ఒకరు, ఆపై తరగతులలో పదిహేనుమందికి ఒకరు ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలని 2021లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో చెప్పింది. మా టీచరు మండలం మొత్తానికి ఒక్కరు, అదీ ఒప్పంద ఉద్యోగం. దివ్యాంగులనాలా, విభిన్న ప్రతిభావంతులనాలా అని పేరు మీద జరిగే చర్చలు వింటుంటే నాకు ఆ గది గుర్తొస్తుంది. వాడిని అడిగితే "పేరు ఏదైనా సరే, కుర్చీ ఎత్తు సరిగా ఉండాలి" అన్నాడు. ఈ వాక్యం చెప్పడానికి అయిదు నిమిషాలు తీసుకున్నాడు, నేను మధ్యలో ఊహించి పూర్తిచేయబోతే కోప్పడ్డాడు.

ఇప్పుడు వాడికి ఫోను ఉంది, చెంప పక్కన అమర్చిన మీటతో తెర మీద అక్షరాలు ఆపుతాడు. పాత అట్టను అక్కయ్య ప్లాస్టిక్ కాగితం అతికించి మళ్లీ భవిత కేంద్రానికే ఇచ్చింది. అక్కడికి కొత్తగా ఒక ఆరేళ్ల పిల్ల వస్తున్నది. ఆ పిల్ల ధ్రువపత్రంలో కూడా బుద్ధిమాంద్యం అనే ఉన్నదట. ఆ పిల్లకు "ఊఁ" అనడం కూడా రాదు, కావలసినచోట కనురెప్ప వేస్తుంది, మామూలుగా వేసే రెప్పకూ దానికీ తేడా పట్టుకోవడం కష్టంగా ఉంది. మంగళ, శుక్రవారాలలో అక్కయ్య వెళ్లి కూర్చుంటున్నది.